తొలి పువ్వు చెప్పని సంగతి

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల నడుమ, సుమారు 2,900 మీటర్ల ఎత్తున గోథిక్ అనే ఊరుంది. వెండి గనుల కోసం వెలిసి, ఆ సందడి తగ్గాక ఖాళీ అయిపోయిన ఊరు. 1928లో అక్కడ రాకీ మౌంటెన్ బయలాజికల్ లేబొరేటరీ మొదలైంది. 1973లో డేవిడ్ ఇనౌయే అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఆ పచ్చిక బయళ్లలో రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పున గడులు గుర్తుపెట్టి, మంచు కరిగినప్పటి నుంచి రోజు విడిచి రోజు పూలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. చెట్లకు, వాటి మీద ఆధారపడ్డ ఈగలకు, పిట్టలకు వాతావరణం ఏం చేస్తోందో చెప్పడానికి ఇంత పనికొచ్చిన లెక్కలు ప్రపంచంలో చాలా తక్కువ.

లెక్కకు నియమాలున్నాయి. విచ్చిన పువ్వునే లెక్కలోకి తీసుకోవాలి, మొగ్గనూ వాడిన పువ్వునూ వదిలేయాలి. పొద్దుతిరుగుడు జాతివాటిలో ఒక్కో తలను ఒకటిగా లెక్కించాలి, ఎందుకంటే అందులోని చిన్న పూలన్నీ విడివిడిగా లెక్కపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. గడి లోపల కాలు పెట్టకూడదు. ఏటా అదే గడి, అవే మూలలు.

ఇంత శ్రమ దేనికి, మొదటి పువ్వు పూసిన తేదీ రాసుకుంటే చాలదా అని మీకు అనిపించవచ్చు. చాలదు. మొదటి పువ్వు అంటే మొత్తం గుంపులో అందరికంటే తొందరపడిన ఒక్క మొక్క. మొక్కల సంఖ్య పెరిగితే అలాంటి తొందరపాటు మొక్క కనబడే అవకాశమూ పెరుగుతుంది. అప్పుడు వాతావరణం ఏమీ మారకపోయినా తేదీ ముందుకు జరిగినట్టు కనిపిస్తుంది. గోథిక్‌లో 39 ఏళ్ల లెక్కలు, 60 జాతులు, 20 లక్షలకు పైగా పూలు కలిపి చూస్తే, పూలకాలం మొత్తం 35 రోజులు పొడవైందని తేలింది. ఈ ఫలితం 2014లో వెలువడింది. అయితే తొలి పువ్వు, పూత ఉద్ధృతి, చివరి పువ్వు మూడు తేదీలూ ఒకే తీరుగా మారిన జాతులు చాలా కొద్ది. ఒక్క తొలి తేదీనే నమ్ముకుంటే ఇదంతా కంటికి ఆనేది కాదు.

ఇక మంచు సంగతి. కొండమీద చలికాలమంతా నేలను కప్పిన మంచు మొక్కకు దుప్పటి. పైన గాలి ఎంత చల్లబడినా మంచు కింద నేల సున్నా డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. మంచు తక్కువ పడినా, వసంతం వేడెక్కినా, పడమటి ఎడారుల దుమ్ము వచ్చి మంచు మీద పరుచుకుని ఎండను ఎక్కువ పీల్చుకున్నా అది ముందే కరిగిపోతుంది. మొక్క వెంటనే లేచి మొగ్గ తొడుగుతుంది. కానీ జూన్‌లో వచ్చే గడ్డకట్టే రాత్రులు మాత్రం అంత త్వరగా పోలేదు. ఆస్పెన్ సన్‌ఫ్లవర్ అనే పసుపు పూల మొక్కలో 1992 నుంచి 1998 దాకా చలికి మాడిన మొగ్గలు సగటున 36.1 శాతం. 1999 నుంచి 2006 దాకా 73.9 శాతం. వేడెక్కుతున్న కొండ మీద మొక్క చలికి నష్టపోతోంది! వినడానికి వింతగా ఉన్నా కారణం అంతే. ఈ మొక్క దశాబ్దాలు బతుకుతుంది, గింజతోనే సంతతి పెంచుకుంటుంది. కాబట్టి పాత మొక్కలు పచ్చగా కనిపిస్తున్నంత మాత్రాన కొత్తవి వస్తున్నాయని అనుకోకూడదు.

పూలకాలం సాగితే తేనెటీగలకు మేలే కదా? అక్కడే మెలిక ఉంది. మొత్తం పూలు అంతే ఉండి రోజులు పెరిగితే మధ్యలో పూత పలచబడే వారాలు వస్తాయి. బంబుల్ బీ అనే బొద్దు ఈగ రాణి చలికాలం నేలలో ఒంటరిగా గడిపి, వసంతంలో లేచి, తానే మకరందం తెచ్చి తొలి పిల్లల్ని సాకుతుంది. మన తేనెటీగల్లా నెలల తరబడి తేనె దాచుకోదు, దాని నిల్వ కొద్ది రోజులకే సరి. గోథిక్‌లో మూడు జాతుల బంబుల్ ఈగల సంఖ్యను ఏళ్ల తరబడి పరిశీలిస్తే, ఎండావానల సూటి ప్రభావం కన్నా, పూలు చాలినన్ని లేని రోజులు ఎన్ని అన్నదే ఎక్కువ తేడా చూపింది.

పువ్వుకు పుప్పొడి చాలడం లేదని తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. కొన్ని మొక్కల్ని అలాగే వదలాలి, కొన్నిటికి చేత్తో పుప్పొడి అద్దాలి, కొన్నిటికి మొగ్గ విచ్చకముందే ఈగలు చేరకుండా సన్నటి వల సంచి కట్టాలి. ఒక్కో గుంపుకు కనీసం ఇరవై మొక్కలు ఉంటే మంచిది. పక్క మొక్క బంధువు కావచ్చు కనుక పుప్పొడిని కొన్ని మీటర్ల అవతలి రెండు మూడు మొక్కల నుంచి తేవాలి. కీలాగ్రం, అంటే పువ్వులో పుప్పొడి అంటుకునే కొన, తడిగా, జిగటగా ఉన్నప్పుడు అద్ది, ఒకట్రెండు రోజులకు మళ్లీ అద్దాలి. వదిలేసిన మొక్కల్లో సగటున 12 గింజలు, అద్దినవాటిలో 20 వచ్చాయనుకోండి, లోటు 40 శాతం. తప్పు ఎక్కువగా జరిగేది ఒక చోట: మొక్కలో ఒక్క పువ్వుకే అద్దితే మొక్క తన బలమంతా దానికే పెట్టి మిగతావాటిని మాడ్చేస్తుంది, లోటు లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. మొక్కలోని పూలన్నిటికీ అద్దాలి. సంచి మొదట్లో దూది చుట్టి కట్టకపోతే చీమలు దూరతాయి. రేకులు రాలగానే సంచి తీసేయాలి, లేకపోతే దాని నీడా లోపలి ఉక్కా గింజను మారుస్తాయి. గోథిక్ దగ్గర గ్లేషియర్ లిల్లీ అనే పూల మొక్క మీద జేమ్స్ థామ్సన్ అనే పరిశోధకుడు ఇలాంటి పోలిక 17 ఏళ్లు నడిపి, ఆ లోటు క్రమంగా పెరుగుతోందని 2010లో ప్రచురించారు.

పారలతో మంచు తోసేసి మొక్కల్ని ముందే పూయించే ప్రయోగాలూ ఉన్నాయి. వాటి ఫలితాన్ని కొంచెం తగ్గించి చదవాలని నా అభిప్రాయం. చిన్న గడిలో మంచు తీస్తే ఆ మొక్కలే ముందుకు జరుగుతాయి, చుట్టూ మంచు కింద ఉన్న రాణి ఈగ నిద్ర లేవదు. నిజంగా వసంతం ముందొస్తే రెండూ ఎంతో కొంత కలిసే జరుగుతాయి.

సంచి పరీక్షకు మంచు కొండలే అక్కర్లేదు. అరకు వైపు వలిసె (వెర్రినువ్వుల) చేలున్నవారు చేసి చూడవచ్చు. వలిసె మొక్కకు తన పుప్పొడి తనకు దాదాపు పనికిరాదు, ఈగలు మరో మొక్క నుంచి తేవాల్సిందే. మొగ్గగా ఉన్నప్పుడే దోమతెర గుడ్డతో సంచి కట్టండి. చేత్తో అద్దే గుంపుకు రెండు వేర్వేరు మొక్కల పూల తలలను మెల్లగా ఒకదానికొకటి రాస్తే చాలు. తలలు పూర్తిగా ఎండేదాకా ఆగకండి, వలిసె గింజ ముదిరితే రాలిపోతుంది. కాస్త ముందే కోసి, కాగితం సంచుల్లో ఆరబెట్టి, నిండు గింజల్నీ తాలు గింజల్నీ వేరువేరుగా లెక్కపెట్టండి.