ఒకే ఒంట్లో మూడు నాలుగు జబ్బులు

శ్రోతలకు నమస్కారం.

బయటినుంచి వచ్చే సూక్ష్మక్రిములతో పోరాడవలసిన రోగనిరోధక వ్యవస్థ, పొరబాటున సొంత శరీరంలోని కణజాలం మీదనే దాడి చేయడంవల్ల కలిగే వ్యాధులను ఆటో ఇమ్యూన్ వ్యాధులు అంటారు. కంచే చేను మేయడమని దీన్ని చెప్పుకుంటాం గానీ, ఈ కంచెకు తాను మేస్తున్నది చేనని తెలియదు. ఒకసారి పొరబడిన ఈ వ్యవస్థ మరోచోట కూడా పొరబడవచ్చు కనుక, ఇటువంటి వ్యాధి ఒకటి ఉన్నవారికి రెండోది వచ్చే అవకాశం ఇతరులకన్నా ఎక్కువ. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు, మెడలోని థైరాయిడ్ గ్రంథి రెండూ ఒకే మనిషిలో దెబ్బతినడాన్ని ష్మిట్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1926లోనే వర్ణించాడు. అటువంటి రోగికి అడ్రినల్ లోపాన్ని ముందుగా సరిదిద్దకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే ప్రాణం మీదికి రావచ్చు.

అంటే జబ్బులను విడివిడిగా లెక్కపెట్టుకుంటే చాలదు. చిక్కంతా వాటి నడుమనే ఉంటుంది. రుమటాయిడ్ కీళ్లవాతంతో పాటు థైరాయిడ్ లోపం కూడా ఉన్న ఒక మనిషిని ఊహించుకోండి. కీళ్ల వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఇస్తారు. దానిని ఎక్కువ కాలం వాడితే ఎముకలు పలచబడతాయి కాబట్టి కాల్షియం మాత్ర చేరుస్తారు. పరగడుపున వేసుకోవలసిన థైరాయిడ్ మాత్రతో పాటే ఆ కాల్షియాన్నీ మింగితే, థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. కొన్ని వారాలకు నీరసం కమ్ముకొస్తుంది, ఆ నీరసాన్ని అందరూ కీళ్లవాతం ఖాతాలో వేస్తారు. నిజానికి ఆ రెండు మాత్రల మధ్య నాలుగు గంటల వ్యవధి ఉంటే సరిపోయేది.

నీరసానికి ముఖం ఒకటే, మూలాలు అనేకం. థైరాయిడ్ హార్మోను తగ్గినా, కీళ్లవాతం తిరగబెట్టినా, కడుపులోని కణాలు దెబ్బతిని బి12 విటమిన్ ఒంటబట్టకపోయినా మనిషికి తెలిసేది ఒకే అలసట. దానికి కారణం ఏ జబ్బో ఊహించి చెప్పడం అనుభవజ్ఞులకు కూడా కష్టం కాబట్టి, రక్తపరీక్షే శరణ్యం.

కీళ్ల డాక్టరు కీళ్లను చూస్తారు, హార్మోన్ల డాక్టరు గ్రంథులను చూస్తారు. అన్నింటినీ కలిపి చూసే బాధ్యత, న్యాయమో కాదో గానీ, చివరికి రోగి మీదనే పడుతోంది. అందుచేత మందుల పేర్లు, మోతాదులు, వేసుకునే వేళలు అన్నీ ఒకే కాగితం మీద రాసుకుని, పంటి డాక్టరుతో సహా ప్రతి డాక్టరుకూ చూపించడం అవసరం. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే మందు వాడేవారైతే వారానికి ఒక్కసారే అన్న మాటను, ఏ రోజో దాని పేరుతో సహా, ఆ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయాలి. పొరబాటున దానిని రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్‌ను సొంతంగా ఒక్కసారిగా ఆపడం కూడా అంతే ప్రమాదం.

ఇక ఇంట్లోవారి సంగతి. “చూడడానికి బాగానే ఉన్నావు కదా” అన్న మాట ఈ రోగులను మందుల చేదుకన్నా ఎక్కువగా బాధిస్తుంది. ఒంట్లో కాస్త తేలికగా ఉన్న రోజున పేరుకుపోయిన పనులన్నీ ముగించాలని చూసి, ఆ తర్వాత రెండు రోజులు మంచం దిగలేకపోవడం వీరిలో చాలామందికి అనుభవమే. ఆ మంచి రోజునే సగం పని దగ్గర ఆపమని గుర్తుచేసే మనిషి ఇంట్లో ఒకరుంటే వారికి ఎంతో ఉపకారం.