చోటున్నా చోటు లేదనే యంత్రం: ఆపరేటింగ్ సిస్టమ్ హద్దుల గురించి ఒక సంభాషణ

వ్యాఖ్యాత: నమస్కారం. బెంగళూరు మారతహళ్ళిలోని మా చిన్న గది నుంచి రికార్డు చేస్తున్న ఈ పాడ్‌కాస్ట్‌కు స్వాగతం. ఈ ఊళ్ళోనే చాలా ఏళ్ళుగా సర్వర్ల నిర్వహణ చూస్తూ, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చేత లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఓనమాలు దిద్దించిన మా మాస్టారు నేటి అతిథి. మాస్టారూ, ముందు నా గోడు వినండి. మా నాన్నగారి పాత కంప్యూటరు కోసం ఎస్పీ రోడ్డుకు వెళ్ళి 4 జీబీ ర్యామ్‌లు రెండు కొని వేయించాను. తీరా చూస్తే, వాడుకోగలిగేది 3.25 జీబీయేనని విండోస్ చూపించింది. దుకాణదారు మోసం చేశాడేమో అనుకున్నాను.

అతిథి: పాపం, ఆయన తప్పేమీ లేదమ్మా. అది 32 బిట్ల విండోస్ అయి ఉంటుంది. మెమరీలోని ప్రతి బైటుకూ ఒక చిరునామా కావాలి. 32 బిట్లతో రాయగలిగే చిరునామాలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296, అంటే సరిగ్గా 4 జీబీ. అందులోనే గ్రాఫిక్స్ కార్డు వంటి పరికరాలకు కూడా కొంత కేటాయించాలి కనుక ర్యామ్‌కు మిగిలేది మూడు జీబీ పైచిలుకే. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. 1995లో వచ్చిన పెంటియమ్ ప్రో నుంచే 36 బిట్ల భౌతిక చిరునామాలతో 64 జీబీ దాకా అందుకునే ఏర్పాటు ప్రాసెసర్లలో ఉంది. 32 బిట్ల సర్వర్ విండోస్‌లలో ఖరీదైన రకాలు దానిని వాడుకున్నాయి కూడా. ఇళ్ళలో వాడే విండోస్‌ను మాత్రం 4 జీబీ దగ్గరే ఆపారు. అంతకు మించిన చిరునామాలు ఎదురైనప్పుడు పరికరాలను నడిపించే డ్రైవర్ ప్రోగ్రాములు కొన్ని కుప్పకూలుతున్నాయన్నది మైక్రోసాఫ్ట్ చెప్పిన కారణం.

వ్యాఖ్యాత: అంటే కొన్ని హద్దులు యంత్రానివి, కొన్ని తయారీదారు గీసినవన్నమాట.

అతిథి: విండోస్ 7నే చూడు. 64 బిట్ల రూపంలో హోమ్ బేసిక్‌కు 8 జీబీ, హోమ్ ప్రీమియంకు 16 జీబీ, ప్రొఫెషనల్‌కు 192 జీబీ పరిమితి పెట్టారు. వంట ఒకటే, విస్తరి ధరలే వేరు.

వ్యాఖ్యాత: 64 బిట్లు వచ్చాక ఇక అంతే లేదనుకోవచ్చా?

అతిథి: పేరుకు 64 అన్నా, మనం సాధారణంగా వాడే ప్రాసెసర్లలో ప్రోగ్రాములకు కనిపించే, అంటే వర్చువల్, చిరునామాకు వినియోగమయ్యేవి 48 బిట్లే. అదే 256 టీబీ అవుతుంది. లినక్స్ అందులో సగం ప్రోగ్రాములకు వదిలి, మిగతా సగం కెర్నెల్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు, ఉంచుతుంది. ఆ గోడకు తల తగిలించుకున్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. మన కాలికి తగిలేవన్నీ చిన్న చిన్న గడపలే.

వ్యాఖ్యాత: మీకు తగిలిన గడప ఒకటి చెప్పండి.

అతిథి: కొన్నేళ్ళ కిందట వైట్‌ఫీల్డ్‌లో ఒక సంస్థలో పనిచేస్తున్నప్పుడు, రాత్రి పదకొండు గంటలకు ఎవరూ లాగిన్ కాలేకపోతున్నారని ఫోన్ వచ్చింది. సర్వరు జరిగినవన్నీ రాసుకునే లాగ్ తెరిస్తే ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’, అంటే డిస్కులో చోటు లేదు అని వరుసగా కనిపించింది. డిస్కులో ఖాళీ ఎంతుందో చూపే డీఎఫ్ ఆదేశం ఇచ్చి చూస్తే 100 జీబీలో నలభై శాతం ఖాళీగానే ఉంది. అరగంట సేపు డిస్కునే అనుమానించాను. చివరికి అదే ఆదేశానికి ‘ఐ’ తగిలించి చూస్తే నూరు శాతం నిండిపోయి ఉన్నవి ఐనోడ్లని తేలింది.

వ్యాఖ్యాత: ఐనోడ్ అంటే కొత్తవారికి ఎలా చెబుతారు?

అతిథి: గుడి దగ్గర చెప్పుల స్టాండులో అరలు ఖాళీగా ఉన్నా, ఇవ్వడానికి టోకెన్లు అయిపోతే మన చెప్పులు తీసుకోడు కదా, అలాంటిదే. ప్రతి ఫైలుకూ దాని వివరాలు రాసిపెట్టుకునే ఐనోడ్ ఒకటి కావాలి, ఆ ఫైలు ఎంత చిన్నదైనా సరే. లినక్స్ డిస్కులో ఫైళ్ళను అమర్చే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో మామూలుగా 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున ఫార్మాట్ చేసేటప్పుడే లెక్క కట్టేస్తారు. 100 జీబీకి 65 లక్షల చిల్లర వస్తాయి. ఆ పార్టిషన్‌ను, అంటే డిస్కులోని ఆ భాగాన్ని, పెద్దది చేస్తే తప్ప ఆ సంఖ్య తరువాత పెరగదు. మా సర్వర్‌లో ప్రతి లాగిన్‌కూ ఒక చిన్న సెషన్ ఫైలు పుట్టేది. వాటిని ఎప్పటికప్పుడు ఊడ్చేసే, వేళకు దానంతటదే నడిచే క్రాన్ పనిని నేనే ఏదో సవరిస్తూ పొరపాటున ఆపేశాను.

వ్యాఖ్యాత: తుడిచేస్తే సరిపోయేది కదా?

అతిథి: నేనూ అదే అనుకుని ఫైళ్ళను తుడిచే ఆర్ఎమ్ ఆదేశం పక్కన ‘అన్నీ’ అని అర్థమిచ్చే నక్షత్రం గుర్తు పెట్టి ఎంటర్ కొట్టాను. ‘ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్’, అంటే జాబితా మరీ పొడవైంది అంది. ఆ నక్షత్రాన్ని, మన ఆదేశాలను చదివే షెల్ లక్షల పేర్లుగా విప్పి ఒకేసారి కెర్నెల్‌కు అందించబోతుంది, కాని కెర్నెల్ అందుకునే సంచి సాధారణంగా 2 ఎంబీయే. ఒక హద్దును దాటబోయి ఇంకో హద్దుకు తట్టుకున్నానన్నమాట. చివరికి ఫైండ్ ఆదేశంతో ఒక్కో ఫైలునూ తొలగించుకుంటూ పోయేసరికి తెల్లవారుజాము మూడైంది.

వ్యాఖ్యాత: ఇలాంటి హద్దులన్నీ మొదటే పెద్దవిగా పెట్టేస్తే పోదా?

అతిథి: కొన్నింటిని పెంచుకోవచ్చు. లినక్స్‌లో ఒక ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాము, ఒకేసారి తెరిచి ఉంచగల ఫైళ్ళు మామూలుగా 1024. నెట్‌వర్క్ కనెక్షన్ కూడా అందులో ఒక ఫైలు కిందే లెక్క కనుక, రద్దీగా ఉండే వెబ్ సర్వర్‌కు అది చాలదు, పెంచాల్సిందే. ప్రాసెస్‌లకు ఇచ్చే గుర్తింపు సంఖ్యలు కూడా చాలాకాలం 32,768 దగ్గర ఆగేవి. 64 బిట్ల యంత్రంలో వాటిని 41,94,304 దాకా పెంచవచ్చు. కాని తెరిచిన ప్రతి ఫైలుకూ కెర్నెల్ తన మెమరీలో కొంత ఖర్చు పెడుతుంది. తెరిచినవాటిని మూయడం మరచిన ప్రోగ్రాము ఒకటి ఉందనుకో, హద్దు 1024 అయితే ఆ ప్రోగ్రాము ఒక్కటే పడిపోతుంది, హద్దే లేకపోతే యంత్రం మొత్తాన్నీ తనతో లాక్కుపోతుంది. అందుకే ఫోన్ రాగానే సంఖ్య పెంచి నిద్రపోయేవాళ్ళంటే నాకు కోపం.

వ్యాఖ్యాత: సరే, మా నాన్నగారి కంప్యూటరు సంగతేమిటి?

అతిథి: కంప్యూటరు ఆన్ చేయగానే వచ్చే బయోస్ తెరపై 8 జీబీ కనిపించిందా?

వ్యాఖ్యాత: కనిపించింది.

అతిథి: అయితే మదర్‌బోర్డు ఒప్పుకున్నట్టే. ప్రాసెసర్ 64 బిట్లదైతే 64 బిట్ల విండోస్ వేయించు. కాకపోతే 32 బిట్ల డ్రైవర్లు అందులో పనిచేయవు.

వ్యాఖ్యాత: ఆయన ప్రింటరు 2006లో కొన్నది, మాస్టారూ.

అతిథి: అయితే ముందు ఆ ప్రింటరుకు డ్రైవరు దొరుకుతుందేమో చూసుకోమ్మా. ర్యామ్ ఎక్కడికీ పోదు.