పోలీసులు అరెస్టు చేస్తే ఏం చేయాలో చెప్పిన వకీలు

శ్రోతలకు నమస్కారం.

చాలా ఏళ్ల కిందట మా ఊరి కోర్టు వరండాలో ఒక పెద్దాయన నన్ను ఆపారు. చేతిలో నాలుగు మడతలు పడిన కాగితం. బొటనవేలి మీద సిరా ఇంకా ఆరలేదు. "బాబూ, వేలిముద్ర వేసి గుమాస్తాకు ఇమ్మన్నారు. ఇందులో ఏముందో కాస్త చదివి పెట్టవా" అన్నారు. చూస్తే అది వకాల్తా. తన తరఫున వాదించే అధికారం ఎవరికి రాసిస్తున్నారో కూడా ఆయనకు తెలియదు.

బొజ్జా తారకం గారి పేరు విన్నప్పుడల్లా ఆ తడి సిరా నాకు గుర్తొస్తుంది. 1939లో కోనసీమలోని కందికుప్పలో పుట్టిన తారకం గారు నిజామాబాద్‌లో లాయరుగా ప్రాక్టీసు చేశారు. అక్కడ అంబేడ్కర్ యువజన సంఘం పెట్టారు, ఎమర్జెన్సీలో జైలుకు వెళ్లారు. 'పోలీసులు అరెస్టు చేస్తే' అని ఒక పుస్తకం రాశారు. సామాన్యుడి భయమంతా ఆ పేరులోనే ఉంది. అరెస్టుకు కారణం చెప్పాలి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. రాజ్యాంగం 22వ అధికరణలో ఉన్న మాటే ఇది. లాయరుకు తెలుసు, పోలీసుకు తెలుసు. కొడుకు కోసం స్టేషను బయట చెట్టు కింద రాత్రంతా కూర్చున్న తల్లికి తెలియదు. ఆమెకు అర్థమయ్యే తెలుగులో చట్టం చెప్పడం, నా దృష్టిలో, ఏ పెద్ద కేసు గెలవడానికీ తీసిపోదు.

1985 జులైలో కారంచేడు. తాగే నీటి చెరువును మురికి చేయొద్దని దళితులు అన్నందుకు ఊళ్లోని అగ్రకులాల వాళ్లతో గొడవ మొదలైంది. మర్నాడు, 17వ తేదీన, ఆరుగురు దళితులను చంపారు. అప్పటికి తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. ఆ పదవి కోసం ఎంతమంది ఎదురుచూస్తారో కోర్టు మనుషులను అడగండి, చెబుతారు. ఆయన రాజీనామా చేసి బాధితుల పక్కన నిలబడ్డారు. దళిత మహాసభ కట్టడంలో ముందున్నారు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినప్పుడూ ఆయన బాధితుల వైపే. విచారణ మా ఊళ్లోనే జరగాలని అక్కడి జనం పట్టుబట్టారు. చివరికి ప్రత్యేక కోర్టు చుండూరుకే వచ్చింది. జడ్జిగారే ఊరికి వచ్చి కూర్చుంటే, సాక్షులు ఇంటి దగ్గర నుంచి నడిచి వచ్చి సాక్ష్యం చెప్పారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సయించలేదు. రెండేళ్లకు, 2016 సెప్టెంబరులో, తారకం గారు కన్నుమూశారు.

ఆ రోజు కోర్టు వరండాలో పెద్దాయనకు వకాల్తా మొత్తం చదివి వినిపించాను. లాయరు పేరు దగ్గర నన్ను ఆపి, మళ్లీ చదవమన్నారు. రెండుసార్లు పైకి అనుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.