పౌడర్ కోటింగ్ గీకే ముందు

సభకు వచ్చిన అమ్మలకు, అయ్యలకు, యువమిత్రులకు నమస్కారం.

మన తిరుపతిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలు ఆగాక మేడ మీది ఊయల, వరండా కుర్చీలు, గేటు ఒకసారి పరికించి చూడండి. వాటి పౌడర్ కోటింగ్ పెచ్చు లేచిన చోటు ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. అది కనబడగానే మొత్తం గీకేసి కొత్త రంగు వేయాలన్న తొందర పుడుతుంది. ఆ తొందర వద్దని చెప్పడానికే ఈ రోజు వచ్చాను.

పౌడర్ కోటింగ్ మామూలు రంగు కాదు. విద్యుదావేశంతో పొడిని లోహానికి అంటించి, సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఆ వేడికి పొడిలోని రెజిన్, అంటే జిగురు పదార్థపు అణువులు ఒకదానితో ఒకటి ముడిపడిపోతాయి. కాలిన ఇటుక మళ్ళీ మట్టిముద్ద కాదు కదా, ఇదీ అంతే. అందుకే థిన్నర్ గుడ్డతో ఎంత రుద్దినా అది ఊడి రాదు. ఇంత గట్టి పొర ఎందుకు లేచిందన్నదే అసలు ప్రశ్న. లోహాన్ని జిడ్డు వదిలేలా కడగకుండా, ఫాస్ఫేట్ పూత ఇవ్వకుండా పొడి చల్లితే పట్టు ఉండదు. వెల్డింగు అతుకుల దగ్గర, కోసిన అంచుల దగ్గర పొర పలుచబడి తుప్పు అక్కడే మొదలవుతుంది. గొట్టం కొసలు మూయకపోతే నీరు లోపలికి దిగి, లోపలి నుంచే తినేస్తుంది. అలాంటి గొట్టానికి పైన ఎన్ని పూతలు వేసినా ఫలితం ఉండదు. ముందు కొస మూయండి, అడుగున నీరు కారిపోయేలా చిన్న రంధ్రం పెట్టండి.

చాకు మొనతో పొరను అక్కడక్కడా గీకి చూడండి. రేకులు రేకులుగా లేస్తే మొత్తం తీయాల్సిందే. గట్టిగా పట్టుకుని ఉంటే తీయకండి. కొత్త రంగుకు అంతకంటే మంచి పునాది దొరకదు. తుప్పు పట్టినంత మేర గీకి, అంచులను ఉప్పుకాగితంతో పలుచన చేసి, మిగతా నునుపంతా 240 లేదా 320 నంబరు కాగితంతో చంపేస్తే చాలు. వేలితో రుద్దితే తెల్లటి పొడి అంటుతోందా? అది ఎండకు పైపొర పాడైన గుర్తు. ఇంటి లోపలి సామానుకు వాడే ఎపాక్సీ పొడిని ఎండలో ఉండే వస్తువుకు వాడితే ఇలాగే జరుగుతుంది. దానికీ మొత్తం గీకే పని లేదు.

మొత్తం తీయాల్సి వస్తే ఇనుముకు గ్రైండరుకు బిగించిన వైరు బ్రష్షు, తరువాత 80 నంబరు కాగితం. కళ్ళకు రక్షణ అద్దాలు, ముక్కుకు ఎన్95 మాస్కు తప్పనిసరి. పని పెద్దదైతే ఇసుక లాంటి గరుకు పొడిని గాలితో కొట్టి శుభ్రం చేసే వర్కుషాపుకు ఇవ్వడమే మేలు.

రసాయనాల విషయంలో నన్ను నమ్మండి, ఇది ప్రాణాల మాట. రంగును కరిగించి తీసే రిమూవర్లలో, వేగంగా పనిచేసే వాటిలో తరచూ మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది. అది దాదాపు 40 డిగ్రీలకే మరుగుతుంది. మన మే నెల మధ్యాహ్నం అంతకంటే వేడి. దాని ఆవిరి గాలికన్నా బరువు, నేలకు దగ్గరగా పేరుకుంటుంది. ఒంట్లోకి వెళ్ళాక కొంత కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. గుడ్డ మాస్కు, ఎన్95 ఏదీ దాన్ని ఆపలేదు. మూసిన స్నానాల గదుల్లో పనిచేస్తూ మనుషులు చనిపోయాకే అమెరికా 2019లో అది ఉన్న రంగు రిమూవర్లను ఇంటి వాడకానికి అమ్మడం నిషేధించింది. డబ్బా మీద ఆ పేరు కనిపిస్తే ఇంటికి తేకండి. బెంజైల్ ఆల్కహాలు రకం నిదానంగా, గంటలకొద్దీ పనిచేస్తుంది. పూసి పైన ప్లాస్టిక్ కాగితం కప్పి ఆగండి. దానికీ చేతి తొడుగులు, బయటి గాలి కావాలి.

అల్యూమినియానికి కాస్టిక్ సోడా తగలనివ్వకండి. లోహాన్నే కరిగించి, మంట అంటుకునే హైడ్రోజన్ వాయువును పుట్టిస్తుంది. బండి అల్లాయ్ చక్రాలను మంటలో పెట్టి రంగు తీయడం ఇంకా ప్రమాదం. వేడికి వాటి బలం పోతుంది, చూపుకు మాత్రం ఏమీ తెలియదు.

గీకిన ఇనుమును రాత్రంతా వదలకండి. తేమ గాలికి కొన్ని గంటల్లోనే సన్నటి తుప్పు వస్తుంది. జిడ్డు తుడిచి, అదే రోజు జింక్ ఫాస్ఫేట్ లేదా రెడాక్సైడ్ ప్రైమర్ వేయండి. అల్యూమినియానికి, జీఐ రేకుకు, అంటే జింకు పూసిన ఇనుప రేకుకు, వాటికి తగిన ఎచ్ ప్రైమరే, అంటే లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే ప్రైమరే వాడాలి. జీఐ మీద నేరుగా ఎనామిల్ వేస్తే కొంతకాలానికి పొరలుగా రాలిపోతుంది. మన ఎండకు లోహం కాలుతున్నప్పుడు రంగు వేయకండి, పరుచుకోకముందే ఆరిపోయి బ్రష్షు గీతలు నిలిచిపోతాయి. ఉదయం మంచు ఆరాక, ఎండ ముదరకముందు వేయండి. రెండు డబ్బాలు కలిపే పీయూ, అంటే పాలీయురేతేన్ రంగు మన్నుతుంది కానీ, ఇంట్లో దాన్ని స్ప్రే చేయకండి. అందులోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఆస్తమా తెచ్చిపెడతాయి. ఎనామిల్ పైకి ఆరినట్టున్నా లోపల గట్టిపడటానికి వారం పడుతుంది; అంతవరకు కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చకండి.

గీకిన పొడిని, రిమూవరు బురదను కాలువలో పోయకండి. ఖాళీ రంగు డబ్బాలతోపాటు వేరే సంచిలో కట్టి, ప్రమాదకర చెత్తగా విడిగా ఇవ్వండి. ఇక మీ ఇంటి గేట్ల సంగతి అడగండి, ఒక్కొక్కటిగా చూద్దాం.