మండువా లోగిలి: నీటిదారి, గాలిదారి

సభలోని పెద్దలకు, ఊరివాళ్లకు, ఆర్కిటెక్చర్ చదువుకుంటున్న పిల్లలకు నమస్కారం.

గోదావరి డెల్టాలో ఇంకా నిలిచి ఉన్న మండువా ఇళ్ల గురించి, అంటే నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న వాకిలి చుట్టూ కట్టిన ఇళ్ల గురించి, వాటిలో జరిగిన మార్పుల గురించి నాలుగు మాటలు చెప్తాను. ఇప్పుడు వీటిని సినిమా షూటింగుల ఇళ్లుగా చూస్తున్నాం గానీ, ఇవి మొదట వ్యవసాయం ఇళ్లు. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలవల కింద మాగాణి పెరిగి, తిండికి పోను ధాన్యం మిగిలాక ఇళ్లూ పెరిగాయి. ఏజెన్సీ అడవుల టేకు తెప్పలుగా గోదావరి మీద రాజమండ్రికి దిగేది. ఇంకా స్తోమత ఉన్నవాళ్లు బర్మా టేకు తెప్పించుకునేవారు.

వీధి అరుగు, వసారా, సింహద్వారం దాటితే మండువా. నాలుగు పక్కలా నాలుగు ఇళ్లు, వాటి కప్పులు లోపలికి వాలి ఉంటాయి. వాన నీరంతా నడుమ పల్లంలో పడి, నేలలోని తూము గుండా పెరట్లోకి పోతుంది. వేడెక్కిన గాలి ఆ ఖాళీలోంచి పైకి పోతే, వీధి గుమ్మం నుంచీ పెరటి గుమ్మం నుంచీ చల్లగాలి లోపలికి వస్తుంది. ఒక పక్క ధాన్యం కొట్టు, వెనక వంటిల్లు, పెరట్లో నుయ్యి, పశువుల పాక, గడ్డిమేటు. ఇంటి అందం గురించి మాట్లాడేటప్పుడు, ఈ ధాన్యం పండించిన పాలేళ్లలో చాలామందిని ఆ అరుగు దాటి లోపలికి రానివ్వలేదన్న సంగతి కూడా చెప్పుకోవాలి.

ఈ ఇళ్లు ఎప్పుడూ మారుతూనే ఉన్నాయి. తొలి రోజుల్లో కప్పు మీద గూనపెంకు, కింద తాటి వాసాలు. గూనపెంకును వరసల మీద వరసలుగా పరవాలి, బరువెక్కువ. కోతులూ పిల్లులూ కదిపేస్తాయి కాబట్టి వానాకాలం ముందు మళ్లీ నేయించుకోవాలి. 1865లో స్విట్జర్లాండ్ క్రైస్తవ మిషనరీ సంస్థ బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో పెంకుల కార్ఖానా పెట్టాక, ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకునే బల్లపరుపు పెంకు దక్షిణాదంతా పాకింది. తేలికైన కప్పు, తక్కువ మరమ్మతు. ఇంటి తత్వానికి అడ్డురాని మార్పు అది. అలికిన మట్టినేల పోయి బండలు వచ్చినా, తర్వాత ఎర్ర గచ్చు వచ్చినా ఇంటికి నష్టం కలగలేదు.

నష్టం సిమెంటుతో మొదలైంది. పాత గోడ మట్టితోనో, గానుగ సున్నంతో కట్టిన ఇటుకతోనో ఉంటుంది. డెల్టా నేలలో చెమ్మ ఎక్కువ, అది పునాదిలోంచి గోడకి ఎక్కుతుంది. సున్నం పూత ఆ చెమ్మను బయటికి వదిలేస్తుంది, సిమెంటు పూత వదలదు. చెమ్మ లోపలే నిలిచి, ఉప్పు పొంగి, పూత పెచ్చులుగా ఊడుతుంది. అప్పుడు మేస్త్రి మరింత సిమెంటు కొడతాడు. దయచేసి కొట్టించకండి. ఊడిన చోట గీకించి, సున్నమే పూయించండి. ఆలస్యమవుతుంది, కూలి ఎక్కువవుతుంది, అయినా గోడ దక్కుతుంది.

రెండోది, మండువా మీద రేకు వెయ్యడం. కోతులకీ దొంగలకీ భయపడి ఇనప ఊచల చట్రం వేసుకోవడంలో తప్పులేదు, గాలీ వానా ఆగవు. రేకు వేస్తే మాత్రం వేడి పోవడానికి దారి ఉండదు. రేకూ పెంకూ కలిసే చోట నీరు చేరి వాసాల కొసలు పుచ్చిపోతాయి.

మూడోది మన చేతుల్లో పూర్తిగా లేనిది. ఊళ్లో సిమెంటు రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేస్తూ పోయారు. వీధి అరుగంత ఎత్తుకు వచ్చింది, వీధి కాలవా పైకి లేచింది. తూము నీరు ఆ కాలవలో కలిసే ఇళ్లలో పెద్ద వానకి నీరు వెనక్కి తంతోంది. పంచాయతీ పెద్దలు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను: కొత్తగా రోడ్డు వేసేముందు పాతది తవ్వి తీయించండి.

అన్నిటికన్నా ఎక్కువ ఇళ్లను కూల్చింది పంపకాలే. అన్నదమ్ములు మండువా మధ్యలో గోడ పెట్టుకుంటారు. ఒకరు తన వాటా విప్పి కలప అమ్ముకుంటారు, ఆ స్తంభాలు ఏ రిసార్టుకో వెళ్తాయి. వాళ్ల అవసరాన్ని నేను తప్పుపట్టను. కానీ లోపలి మూలలో రెండు కప్పుల బరువూ ఒకే దూలం మోస్తుంది. ఒక పక్క ఇల్లు విప్పితే ఆ దూలానికి ఒక ఆసరా పోతుంది, నీరు జారే ఆ మూల తెరుచుకుంటుంది. రెండో వాటాదారు ఇంట్లోకి వాన మొదట దిగేది అక్కడి నుంచే. కాబట్టి వాటా విప్పక తప్పకపోతే, ముందు ఆ మూలలో కొత్త స్తంభం నిలబెట్టి, దూలం బరువు దాని మీదికి దించి, అప్పుడు పెంకు తియ్యండి. ఒక్క పెంకు కదిపే ముందే ఇల్లంతా కొలిచి, బొమ్మ గీసి పెట్టుకోండి. విద్యార్థులు ఈ పని చేసిపెట్టగలరు. టేపులు తెచ్చుకున్నారు కూడా, ఎవరి ఇంటికి రమ్మంటారో చెప్పండి.