కాలేజీ గ్రౌండ్ నుంచి ప్రొఫెషనల్ లీగ్ దాకా

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు శనివారం పొద్దున ఫోన్ చేసి చూడండి, "పిల్లాడికి సాకర్ మ్యాచ్ ఉంది, మళ్ళీ చేస్తాను" అని పెట్టేస్తారు. సాకర్ అంటే మన ఫుట్‌బాలే. ఆ తిరుగుడు వెనక చాలా ఇళ్ళలో ఒక ఆశ ఉంటుంది, బాగా ఆడితే కాలేజీ ఫీజు తప్పుతుందని.

తప్పదండీ, పూర్తిగా తప్పదు. మొన్న 2024-25 వరకు డివిజన్ వన్ అనే పై స్థాయి కాలేజీ ఆటలో మగపిల్లల జట్టుకు మొత్తం 9.9 పూర్తి స్కాలర్‌షిప్‌లే. జట్టులో పాతిక, ముప్పై మంది ఉంటారు. కోచ్ ఆ తొమ్మిది చిల్లరనే ముక్కలు చేసి ఒకడికి సగం, ఒకడికి పావు, ఇంకొకడికి పుస్తకాల ఖర్చు మాత్రం ఇచ్చేవాడు. ఆడపిల్లల జట్టుకు 14 ఉండేవి. 2025లో కోర్టు సెటిల్‌మెంట్‌తో ఆ పరిమితి పోయింది, దానికి ఒప్పుకున్న కాలేజీలు 28 మంది ఆటగాళ్ళను మించకుండా ఎంతమందికైనా ఇవ్వచ్చు. ఇవ్వచ్చు అన్నారు కానీ డబ్బు కాలేజీయే వెతుక్కోవాలి.

ఇక ఎంపిక సంగతి. షోకేస్ టోర్నమెంట్లని జరుగుతాయి, పక్కపక్కనే పది గ్రౌండ్లలో మ్యాచ్‌లు, టచ్‌లైన్ దగ్గర మడత కుర్చీల్లో కాలేజీ కోచ్‌లు, చేతిలో షర్టు నంబర్ల కాగితం. వాళ్ళు బంతి వెంటే చూడరు, బంతి పోయాక పిల్లాడు వెనక్కి పరిగెత్తాడా, నడుంమీద చేతులేసుకుని నిలబడ్డాడా అని కూడా చూస్తారు. పిల్లలు ముందే వీడియో లింకులతో ఈమెయిళ్ళు పంపుకుంటారు. ఒకప్పుడు ఎనిమిదో తరగతి పిల్లల దగ్గర కూడా మా కాలేజీలోనే చేరాలని మాట తీసేసుకునేవారు, మరీ అన్యాయం. అందుకే 2019లో కొత్త రూలు పెట్టారు: పదో తరగతి అయిన ఏడాది జూన్ 15 దాకా కోచ్ పిల్లలతో రిక్రూటింగ్ మాట ఎత్తకూడదు. ఇంకో పోటీ కూడా ఉంది, చాలా కాలేజీలు విదేశాల నుంచి, వేరే కాలేజీల నుంచి తయారైన ఆటగాళ్ళనే తెచ్చుకుంటున్నాయి.

మరి ప్రొఫెషనల్ ఆటకు దారి? అక్కడి మగవాళ్ళ పెద్ద ప్రొఫెషనల్ లీగ్, మేజర్ లీగ్ సాకర్, 1996లో మొదలైంది. కాలేజీ ఆటగాళ్ళను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టే చాలాకాలం ముఖ్యమైన తలుపు. అమెరికా జట్టు స్టార్ క్లింట్ డెంప్సీనే తీసుకోండి. టెక్సస్‌లో నాకడోచెస్ అనే చిన్న ఊరివాడు. పెద్ద క్లబ్బులో ఆడాలంటే మూడు గంటలు ప్రయాణం చేసి డాలస్ వెళ్ళాలి, ఇంట్లో అంత స్తోమత లేదు, మధ్యలో కొంతకాలం ఆపేయాల్సి వస్తే తోటి పిల్లల తల్లిదండ్రులు సాయం చేశారు. ఫర్మన్ అనే చిన్న యూనివర్సిటీలో ఆడాడు. 2004 డ్రాఫ్ట్‌లో ఎనిమిదోవాడిగా అమెరికాలోనే న్యూ ఇంగ్లండ్ క్లబ్బుకు వెళ్ళాడు, 2007కల్లా ఇంగ్లండ్‌లో ఫుల్హమ్ క్లబ్బుకు ఆడుతున్నాడు, 2006, 2010, 2014 మూడు ప్రపంచ కప్పుల్లోనూ గోల్స్ కొట్టాడు.

ఇప్పుడు ఆ తలుపు సన్నబడింది. క్లబ్బులే అకాడమీలు పెట్టి పదహారు, పదిహేడేళ్ళ వాళ్ళతో నేరుగా కాంట్రాక్టు రాయించుకుంటున్నాయి. కాలేజీ సీజన్ ఆగస్టు నుంచి డిసెంబరు వరకే, అంత తక్కువ ఆటతో పైకి రావడం కష్టమని వాళ్ళ వాదన. అందులో నిజం ఉంది కానీ, పద్దెనిమిదేళ్ళకు సన్నగా ఉండి ఇరవై ఒకటికి గట్టిపడేవాళ్ళ మాటేమిటి? కెనడాకు చెందిన టేజాన్ బుకానన్ సిరక్యూస్ యూనివర్సిటీలో ఆడాడు, 2019 డ్రాఫ్ట్‌లో తొమ్మిదోవాడు, తర్వాత బెల్జియం, అక్కణ్ణుంచి ఇటలీలో ఇంటర్ మిలన్. నా మటుకు నాకు కాలేజీ ఆట ఉన్నది ఇలాంటివాళ్ళ కోసమే.

ఆడపిల్లల కథ వేరు. అక్కడ కాలేజీయే పునాది, అమెరికా మహిళల జట్టులో పేరుమోసిన మియా హామ్ నార్త్ కరోలినా యూనివర్సిటీలో తయారైన మనిషి. అయితే మహిళల ప్రొఫెషనల్ లీగ్ 2024లో డ్రాఫ్టునే ఎత్తేసింది. ఇప్పుడు డిగ్రీ చేతికొచ్చిన అమ్మాయి ఏ క్లబ్బుతో మాట్లాడాలో తనే తేల్చుకుంటుంది.

ఆ దేశంలో మీ మనవడో మేనకోడలో ఈ దారిలో ఉంటే ఒక్క మాట చెప్పండి. కోచ్ ఫోన్ చేస్తే స్కాలర్‌షిప్ ఎంత అని తర్వాత అడగొచ్చు, నా పొజిషన్‌లో ఇప్పుడు ఎవరు ఆడుతున్నారు, వాళ్ళు ఏ ఏడాదిలో ఉన్నారు అని ముందు అడగమనండి.