పక్క దేశానికీ లోపలి రేటే
(కందుకూరులో తపాలా వారోత్సవాల సభలో ఒక విశ్రాంత ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకూ, పెద్దలకూ, సర్వీసులో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నమస్కారం. "తపాలా నాడు, నేడు" అనే అంశం మీద మాట్లాడమన్నారు. నాడు ఎట్లా ఉండేదో ఇక్కడున్న తలనెరిసిన వాళ్లకు తెలుసు, నేటి సంగతి పిల్లలకు తెలుసు. అందుకని, రిటైరైనప్పటినుంచీ నా మనసులో నలుగుతున్న మాటే చెప్తాను. శ్రీలంక, బంగ్లాదేశ్, బర్మా లాంటి ఇరుగుపొరుగు దేశాలకు రాసే ఉత్తరానికి దేశం లోపలి రేటే ఉండాలి. వాళ్లు మనకు రాసినా అంతే.

మన కందుకూరునే చూడండి. 1970కి ముందు నెల్లూరు జిల్లా. ఆ ఏడు ఒంగోలు జిల్లాలో కలిపారు, దానికే తర్వాత ప్రకాశం పేరొచ్చింది. 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరుకు తెచ్చారు. ఇన్నిసార్లు హద్దు జరిగింది గదా, ఒంగోల్లో ఉన్న కూతురికి రాసే కార్డు ఖరీదు అందువల్ల ఒక్క పైసా మారిందా?

జిల్లా వేరు, దేశం వేరంటారు. సరే, బర్మా సంగతి చూడండి. 1937 మార్చి 31 దాకా రంగూన్ మన తపాలా శాఖలోనే ఉంది. తెల్లారి ఏప్రిల్ 1న విడదీశారు. మన స్టాంపుల మీదే బర్మా అని అచ్చేసి అక్కడ అమ్మారు. రాసేవాడు వాడే, అందుకునేవాడు వాడే, మధ్యన ఉన్నది అదే బంగాళాఖాతం.

ఈ చుట్టుపక్కల ఒక చిన్న సబ్‌పోస్టాఫీసులో నేను కౌంటర్లో ఉన్న రోజుల్లో ఒక పెద్దాయన వచ్చేవాడు. 1960ల్లో బర్మా వదిలి వచ్చిన కుటుంబం. అన్న మాత్రం అక్కడే ఉండిపోయాడు. పల్చటి కాగితం మీద చీమతలంత అక్షరాలతో, అంచులు కూడా వదలకుండా రాసుకొచ్చేవాడు. ఒకసారి కవర్లో మనవరాలి పెళ్లి ఫోటో పెట్టాడు. త్రాసులో వేస్తే 20 గ్రాములు దాటింది. విదేశీ రేటులో అది దాటితే పై శ్లాబు. "ఏంది సార్, సముద్రానికి ఆ గట్టున ఉండేది మా అన్నే గదా, ఇంత రేటా?" అన్నాడు. కాగితం అడుగున ఖాళీగా ఉన్న ముక్క చించి మళ్లీ తూయమన్నాడు. అప్పటికీ ముల్లు దిగలేదు. ఫోటో తీసి చొక్కా జేబులో పెట్టుకుని, ఉత్తరం ఒక్కటే నా చేతికిచ్చాడు. అన్న ఆ పెళ్లికూతుర్ని చూడనేలేదు. మీరే చెప్పండమ్మా, ఆ రెండు గ్రాముల మీద వచ్చే డబ్బుతో ఏ ప్రభుత్వం బాగుపడుతుంది?

మన దేశంలో 1854లోనే దూరంతో పనిలేకుండా ఉత్తరానికి అర్ధణా అన్నారు. ఆ పద్ధతే పొరుగుకూ పెట్టమంటున్నాను. పుస్తకాలకూ అట్లాగే ఉండాలి గానీ, వాటి గురించి చెప్పాలంటే నాకు కోపమొస్తుంది. దేశం లోపలే, పుస్తకాలు తక్కువ రేటుకు పంపుకునే రిజిస్టర్డ్ బుక్‌పోస్టును 2024 డిసెంబరులో తీసేశారు. చిన్న పత్రికలు నడుపుకునేవాళ్లు, పుస్తకాలు వేసుకునేవాళ్లు ఈ సభలోనే ఉన్నారు, ఆ దెబ్బ ఎట్లాంటిదో వాళ్లను అడగండి. ఇంట్లోనే ఇట్లా ఉంటే పొరుగుకు పుస్తకం ఎట్లా పోతుంది? సరే, అసలు సంగతికొస్తాను.

ఇది కుదిరే పని కాదని కొందరంటారు. 1874లో బెర్న్‌లో ప్రపంచ తపాలా సమితి పుట్టినప్పుడు సభ్యదేశాలన్నీ కలిసి ఒకే తపాలా ప్రాంతం అని రాసుకున్నాయి. ఏ దేశం వసూలు చేసిన స్టాంపు డబ్బు ఆ దేశమే ఉంచుకునేది. వచ్చిన ఉత్తరాన్ని పంచిపెట్టినందుకు, పంపిన దేశం రుసుం కట్టాలనే పద్ధతి 1969 టోక్యో మహాసభలో వచ్చింది. ఇప్పుడు రేటు తగ్గించమంటే అధికారులు చూపించే అడ్డంకి అదే. కానీ ఆ సమితి రాజ్యాంగం ఎనిమిదో అధికరణమే, పొరుగు దేశాలు తమలో తాము చిన్న సంఘం కట్టుకోవచ్చని, ప్రత్యేక ఒప్పందాలు చేసుకోవచ్చని ఒప్పుకుంటోంది. సమితి పుట్టకముందే, 1850లో, జర్మన్ రాజ్యాలూ ఆస్ట్రియా అట్లా కలిశాయి. మధ్యలో ఎన్ని సరిహద్దులున్నా లెక్కచేయకుండా, దూరాన్ని మాత్రమే చూసి, అన్ని రాజ్యాలకూ ఒకే రేట్ల పట్టిక పెట్టుకున్నాయి.

మన దక్షిణాసియా దేశాల సంఘం సార్క్ 1985 నుంచీ ఉంది. 2014లో ఖాట్మండులో జరిగిన శిఖరాగ్ర సభ తర్వాత మళ్లీ ఆ స్థాయి సభే లేదు. పాకిస్తాన్‌తో తపాలా 2019లో కొన్నాళ్లు ఆగింది, 2025 మేలో మళ్లీ ఆపేశారు. 2019లో ఆగిన రోజుల్లో మన శ్రీకాకుళం జాలర్లు కరాచీ జైల్లో ఉన్నారు. ఉత్తరం కోసం వాళ్ల ఆడవాళ్లు ఎట్లా ఎదురుచూసి ఉంటారో చెప్పనక్కర్లేదు. రాజకీయం తేలేదాకా అన్ని దేశాలూ ఆగక్కర్లేదు. శ్రీలంకతోనో బంగ్లాదేశ్‌తోనో ముందు మొదలుపెట్టవచ్చు. ఉత్తరాలకూ పుస్తకాలకూ చాలు, పార్సిళ్ల సంగతి తర్వాత చూసుకుందాం.

బయట బల్ల మీద అర్జీ పెట్టాను. మన పార్లమెంటు సభ్యునికి, కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రికి చెరొక ప్రతి. చదివి, నచ్చితేనే సంతకం చేయండి, పిన్‌కోడ్ మాత్రం మర్చిపోకుండా రాయండి. మీ ఇళ్లల్లో పొరుగు దేశాల నుంచి వచ్చిన పాత కవర్లు ఉంటే, స్టాంపు చింపకుండా జిరాక్సు తీయించి ఇవ్వండి, అర్జీకి జత చేస్తాను. సోమవారం పొద్దున పోస్టు చేయాలి, ఆదివారం సాయంత్రంలోపు చేర్చండి.